మూడో అంశానికి ముందు తాంబూలం

డైరీ రాయడంలో నాకొక పద్ధతి ఉంది. ఏది ముందు జరిగితే అది ముందు రాస్తాను. పొద్దున ఒకాయన నన్ను నలుగురిలో మాట అని, సాయంత్రం ఆయనే నా జ్వరానికి మిరియాల కషాయం పంపినా సరే, మాట ముందు, కషాయం తర్వాత. ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఇదే అలవాటు. ఇది మంచి అలవాటని ఎవరికీ చెప్పను. ఒకసారి దీనివల్ల నెలకు పైగా నాకు కంటి మీద కునుకు లేకపోయింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పెద్ద ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయని వచ్చిపోయేవాళ్లు వింతగా చెప్పుకునేవారు. నేను ఆదోని రోడ్డు మీద ఉన్న ఒక పెద్ద ఊరిలో పంచాయతీ గుమాస్తాను. పని తాత్కాలికం. నన్ను పర్మినెంటు చేస్తూ పంచాయతీ తీర్మానం చేయాలి. ఆ తీర్మానం ఎప్పుడు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ప్రెసిడెంటు ఇష్టం. నా భార్య తొలి కాన్పుకు కడపలో పుట్టింటికి పోయి ఉంది. నేను ఊరి చివర ఒక గది అద్దెకు తీసుకొని ఒక్కణ్ణే ఉండేవాణ్ణి.

ఊరిలో రెండు పార్టీలు. నేను చేరడానికి ముందటి ఏడు, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గర పట్టపగలు ఒక మనిషిని నరికారు. ఎవరు నరికారో ఊరందరికీ తెలుసు, కోర్టుకు మాత్రం తెలియలేదు. నా గది నుంచి ఆఫీసుకు పోవాలంటే ఆ మోరీ దాటాలి. అక్కడికి వచ్చేసరికి నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినపడేది.

పంచాయతీలో తొమ్మిది మంది సభ్యులు. ప్రెసిడెంటుతో కలిపి నలుగురు ఒక పక్క, నలుగురు ఇంకో పక్క. తొమ్మిదో ఆయన మగ్గాల వీధి సభ్యుడు, అరవై దాటిన నేతగాడు. అందరూ పెద్దాయన అనేవాళ్లం. ఆయన ఏ పార్టీలోనూ లేడు. అడిగితే, "పడుగూ కావాల, పేకా కావాల. ఒగదాంతో గుడ్డ రాదు కదప్పా" అనేవాడు. మగ్గం గుంతలో కూర్చున్నా, పంచాయతీలో కూర్చున్నా ఆయన బుగ్గలో ఆకు ఉండాల్సిందే. పెదాలు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి.

ఆ ఎండాకాలం ఆదోని వ్యాపారి ఒకాయన మా ఊరి పొలిమేరలో శనక్కాయల నూనె మిల్లు పెడతానని వచ్చాడు. షరతులు రెండు. పదేళ్లపాటు మిల్లు కట్టడాలకు పన్ను మినహాయించాలి. మిల్లు ముందు ఆగే బండ్ల మీద పంచాయతీ వసూలు చేసే రుసుములో సగం మిల్లుకే ఇవ్వాలి. ఇవి కాక మిల్లు దాకా రోడ్డు, వీధి దీపాలు పంచాయతీయే వేయాలి. దానికి దుడ్లు ఎక్కడివని అడిగితే ప్రెసిడెంటు ఏమీ దాచలేదు. ఇంటిపన్ను పెంచుతాం అన్నాడు. అందులోనూ మగ్గం ఉన్న ఇళ్లను మామూలు ఇళ్లుగా కాక పని జరిగే జాగాలుగా లెక్కగట్టి పెంచుతామన్నాడు. మగ్గాల వీధిలో ఇల్లంటే మగ్గం గుంత, దాని చుట్టూ మిగిలిన కాస్త నేల. పొయ్యి కూడా వాకిట్లోనే.

సభకు రెండు రోజుల ముందు పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు.

"నాయనా, నూనె గానుగాయనకు లేని పన్ను నా మగ్గానికి యాల?"

"ఆ మాట సభలో చెప్పండి పెద్దాయనా. మీ ఒక్కరి మాట మీదే తేలుతుంది."

"చెప్తా. చెప్పకుంటే మా వీధి ఆడోళ్లు నన్ను ఊర్లో తిరగనిస్తారా? నా పెండ్లామే ముందు తలుపేస్తాది."

నవ్వుకుంటూ పోయాడు. ఆయన అంత నిబ్బరంగా నవ్వడం మళ్లీ చాలా రోజుల వరకు చూడలేదు.

సభ మధ్యాహ్నం మూడింటికి. పైన రేకులు కాలుతున్నాయి. తొమ్మిది మందీ వచ్చి హాజరు సంతకాలు పెట్టారు. మొదటి అంశం తాగునీటి బావి పూడిక, రెండోది సంత మైదానంలో కంచె. రెండూ మాటల్లేకుండా అయిపోయాయి. నేను మూడో అంశం కాగితం చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే వ్యాపారి మనిషి ఇత్తడి పళ్లెం పట్టుకొని లోపలికి వచ్చాడు. ఆకులు, వక్కలు, సున్నపు భరిణె.

మా పంచాయతీలో తాంబూలం సభ ముగిసిన తర్వాత వచ్చేది. ఆ రోజు ముందుగా వచ్చింది. ప్రెసిడెంటు లేచి, పళ్లెం తానే తీసుకొని ఒక్కొక్కరి దగ్గరికి పోయాడు. ఆయన వైపు ముగ్గురూ తీసుకున్నారు. అవతలి వాళ్లలో ఒకాయన, "ముందు మిల్లాయన నూనె రుచి చూడనీప్పా, ఆనక ఆకులు ఏసుకుంటాం" అని ముఖం తిప్పుకున్నాడు. వాళ్లు నలుగురూ ముట్టుకోలేదు.

పెద్దాయన ముట్టుకున్నాడు. ఊరి పెద్ద లేచి వచ్చి తన చేత్తో ఇస్తుంటే కాదనడం ఆయనకు తెలియదు. కండువా సర్దుకొని రెండు చేతులూ చాపి పుచ్చుకున్నాడు. సున్నం రాసి, ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఇంగ చదువప్పా మూడో అంశం" అన్నాడు ప్రెసిడెంటు.

చదివాను. అవతలి పక్క నుంచి అరుపులు లేచాయి. వ్యాపారి నీకేం ముట్టజెప్పాడని ఒకరు, మీ తాత తిన్న మాన్యాల సంగతేందని ఒకరు. కాసేపటికి ప్రెసిడెంటు చెయ్యెత్తాడు.

"అరుపులు యాలప్పా? మీరు నలుగురు కాదంటాండారు. మేం నలుగురం ఔనంటాండాం. పెద్దాయన నా చేత్తో తాంబూలం పుచ్చుకున్యాడు. మాటిచ్చినట్టే. అయిదుగురం. అయిపాయ."

పెద్దాయన దవడ ఆగిపోయింది. లేచి కిటికీ దగ్గరికి పోయి ఉమ్మేసి వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు. అందరూ ఆయన వైపే చూశారు. నోరు తెరిచాడు, మాట రాలేదు. కూర్చున్నాడు.

మా ప్రాంతంలో పెళ్లికైనా పొలం బేరానికైనా తాంబూలం చేతులు మారితే కాగితం అక్కర్లేదు. పుచ్చుకున్న వాడు మాట తప్పితే వాడి గడప తొక్కరు. ప్రెసిడెంటు పెద్దాయన్ను బెదిరించలేదు. ఆయన మర్యాదతోనే ఆయన్ను కట్టేశాడు.

సభ ముగిశాక మెట్ల మీద కూర్చొని ఉన్నాడు పెద్దాయన. నేను దగ్గరికి పోయి, "మీరు ఆకు తీసుకునేసరికి నేనింకా అంశం చదవనే లేదు కదా" అన్నాను.

"చదవకముందో చదివినాకనో, తీసుకున్యాను కదా నాయనా." తలెత్తాడు. "నువ్వేం రాస్తావు బుక్కులో?"

"జరిగింది రాస్తాను."

అన్న తర్వాత చూశాను. కుళాయి తొట్టి దగ్గర ప్రెసిడెంటు మనిషి ఒకడు బీడీ ముట్టించుకుంటూ మా వైపే చూస్తున్నాడు. అగ్గిపుల్ల చివరిదాకా కాలినా వాడు పారేయలేదు.

గదికి పోయి మొదట డైరీ రాశాను, తర్వాత మినిట్సు పుస్తకం. డైరీలో ఏ వరసలో రాశానో పుస్తకంలోనూ కలం అదే వరసలో పోయింది. "మూడవ అంశము చదువుటకు పూర్వమే తాంబూలము ఇవ్వబడినది. మగ్గముల వీధి సభ్యులు పుచ్చుకొనిరి. అంశము చదివిన పిమ్మట వారు ఏమియు మాట్లాడలేదు. తాంబూలము పుచ్చుకొనుటయే అంగీకారమని అధ్యక్షులు ప్రకటించి, అయిదుగురి సమ్మతితో తీర్మానము ఆమోదించబడినట్లు చెప్పిరి." రాసేటప్పుడు నాకు ధైర్యమేమీ లేదు. ఇంకో రకంగా రాయడం చేతకాలేదు. సిరా ఆరిన తర్వాత ఒకసారి చదువుకున్నాను. అప్పుడు భయం పట్టుకుంది.

మరునాడు పొద్దున పుస్తకం తీసుకొని సంతకానికి ప్రెసిడెంటు ఇంటికి పోయాను. ప్రెసిడెంటు సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆయన కంటికి దగ్గరి అక్షరం ఆనడం మానేసి ఏడాది దాటింది. ఆదోనిలో చేయించిన కళ్లద్దాలు పెట్టెలోనే ఉండేవి. అద్దాలు పెట్టుకొని బయటికొస్తే అవతలి పార్టీ వాళ్లకు నవ్వులాట అవుతుందని పట్టుదల. "చదువు, వింటాండా" అని నా చేత చదివించుకొని, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేవాడు. ఈ సంగతి ఆయన ఇంట్లో వాళ్లకు, నాకు మాత్రమే తెలుసు.

అరుగు కింద ఇద్దరు కొడవళ్లు సాన పడుతున్నారు. కోతల కాలం కాదు.

"మీ ఇంటామె కడపకు పోయిందంట గదా" అన్నాడు ప్రెసిడెంటు.

"ఔనయ్యా. కాన్పుకు."

"ఒక్కనివే ఉంటాండావా? గది తలుపు గట్టిగా ఉండాదా?"

"ఉందయ్యా."

"ఊరు మంచిది కాదప్పా. తెలిసినోనివని చెప్తాండా. ఊఁ, చదువు."

మొదటి అంశం చదివాను. రెండో అంశం చదివాను. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి సాన చప్పుడు ఆగింది.  నా కళ్లు మొదటి మూడు వాక్యాల మీదుగా జారిపోయాయి. "తాంబూలము పుచ్చుకొనుటయే అంగీకారమని అధ్యక్షులు ప్రకటించి..." అక్కడి నుంచి చదివాను. ఆయన తల ఊపాడు. వేలు పెట్టి చూపించాను. సంతకం చేశాడు.

వీధి మలుపు తిరిగాక ఒక ఇంటి గోడ పట్టుకొని నిలబడ్డాను. నేను అబద్ధం రాయలేదు. అబద్ధం చదివాను. రెండిట్లో ఏది ప్రాణం మీదికి తెస్తుందో నాకు బాగా తెలుసు.

పన్ను మినహాయింపు తీర్మానానికి పై ఆఫీసరు అనుమతి కావాలి. అసలుకు సరిగ్గా నకలు తీసి పంపాలి. నకలులో ఆ మూడు వాక్యాలు వదిలేస్తే సరిపోతుందని ఒక సాయంత్రం అంతా అనుకున్నాను. నకలుకు అసలుతో తేడా వస్తే ఉద్యోగం పోతుంది. తేడా రాకపోతే ఏమి పోతుందో తెలియదు. తేడా లేకుండా రాసి, కవరు అంటించి పోస్టు డబ్బాలో వేశాను. వేసిన మరుక్షణం డబ్బా నోట్లోకి వేళ్లు పెట్టి చూశాను. అందలేదు.

అప్పటి నుంచి ఎదురు చూడడమే పని. మోరీ మీదుగా పోవడం మానేసి, చేల గట్ల మీదుగా పోయేవాణ్ణి. బీడీ మనిషి రోజూ ఎక్కడో ఒకచోట ఎదురై, "టయిమెంతాయె సార్?" అనేవాడు. చెప్పేవాణ్ణి. నవ్వి పోయేవాడు. వాడికి టైముతో ఏ పనీ లేదని నాకు తెలుసు. ఆ రోజుల డైరీ చూస్తే పేజీ తర్వాత పేజీ ఒకే మాట ఉంది: "ఈ రోజు ఏమీ జరగలేదు." ఆ మాట రాయడానికి నేను ఎంతసేపు కలం పట్టుకొని కూర్చున్నానో డైరీలో లేదు.

పెద్దాయన నాకంటే కష్టంలో ఉన్నాడు. పన్ను పెరుగుతుందన్న మాట మగ్గాల వీధిలో పాకింది. ఆడవాళ్లు ఆయన్ను చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని పోయేవాళ్లట. ఒకరోజు సంతలో కనిపించాడు. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. పెదాలు తెల్లగా ఉన్నాయి. ఆకు మానేశాడు.

"మగ్గం ఆడ్తాండాదా పెద్దాయనా?" అన్నాను, ఆ ఊరి మాటలోనే.

"ఆడ్తాండాది. గుంతలో దిగితే సగం మనిషిని ఎవురికీ కనపడను చూడు, ఆడనే కాస్త మేలుగా ఉండాది" అన్నాడు. నా రాత సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి కూడా భయమే.

ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆఫీసరు బస్సు దిగాడు. కోస్తా మనిషి. నేరుగా ఆఫీసుకు వచ్చి, ప్రెసిడెంటును పిలిపించి, మినిట్సు పుస్తకం తెరవమన్నాడు. నేను తెరిచి బల్ల మీద పెట్టి గోడకు ఆనుకొని నిలబడ్డాను. వాకిట్లో బీడీ మనిషి.

ఆఫీసరు పైకే చదివాడు. "మూడవ అంశము చదువుటకు పూర్వమే తాంబూలము ఇవ్వబడినది."

ప్రెసిడెంటు తల మెల్లగా నా వైపు తిరిగింది. నేను ఆయన ముఖం చూడలేదు. బల్ల కాలు చూస్తూ ఉన్నాను. దాని దగ్గర చీమలు ఒక ఎండిన వక్క ముక్కను లాక్కుపోతున్నాయి.

మూడు వాక్యాలూ చదివి ఆఫీసరు పుస్తకం ఆయన వైపు తిప్పాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఇది చదివే పెట్టారా?"

చదవలేదంటే గుమాస్తా మోసం చేశాడని చెప్పాలి. గుమాస్తా చదివితే విన్నానంటే, ఎందుకు చదివించుకున్నారని అడుగుతారు, కంటి సంగతి బయటపడుతుంది. ఆయన ఇదంతా ఆలోచిస్తున్నంత సేపు నేను ఆ చీమలనే చూస్తూ ఉన్నాను. వాకిట్లో నిలబడిన వాళ్లలో అవతలి పార్టీ మనుషులూ ఉన్నారు.

"చదవకుండా నేను దేంట్లోనూ సంతకం పెట్టను సార్" అన్నాడు ప్రెసిడెంటు.

"అయితే ఇది ఇలాగే జరిగింది. విషయం వినకముందే ఒప్పుకోవడమేమిటండీ? మళ్లీ సభ పెట్టండి. అంశం చదివాక ఒక్కొక్కరినీ నోటితో చెప్పమనండి." పుస్తకం మూసి బస్సు టైము అడిగాడు.

మళ్లీ సభ జరిగింది. ఈసారీ పళ్లెం వచ్చింది. పెద్దాయన ఇంటి దగ్గరే ఆకు వేసుకొని వచ్చాడు. కుడి బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి ఉంది. ప్రెసిడెంటు పళ్లెం ముందుకు చాచితే, చెయ్యి అడ్డం పెట్టి, "నోట్లో ఉండాదప్పా. ఇంగ జాగా లే" అన్నాడు. ప్రెసిడెంటు వైపు వాళ్లు కూడా నవ్వాపుకోలేకపోయారు.

నేను అంశం చదివాను. పెద్దాయన లేచి కిటికీలోంచి ఉమ్మేసి, కుండలో నీళ్లు తీసుకొని పుక్కిలించి వచ్చాడు. నిలబడే చెప్పాడు.

"మిల్లు రానీ. మా పిల్లోళ్లకూ పని గావాల. పదేండ్లు కాదు, మూడేండ్లు ఇడిసిపెడదాం. బండ్ల దుడ్లు అన్నీ పంచాయతీకే రావాల. ఆ దుడ్లతోనే రోడ్డు ఏసుకోండి. మగ్గం జోలికి రావద్దు. ఇదీ నా మాట. ఈ తూరి నోట్లో ఏమీ లేదు, చూసుకోండి." అని నోరు తెరిచి చూపించాడు.

అవతలి నలుగురూ సరే అన్నారు. అయిదుగురయ్యారు. వ్యాపారి ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా ఒప్పుకున్నాడు. పదేళ్లని అడిగింది బేరం కోసమేనేమో. దానికోసమా నేను ఇన్నాళ్లు చేల గట్లు పట్టి తిరిగింది అనిపించింది.

ఆఫీసరు వచ్చి పోయిన నాటి నుంచి ఆ రోజు వరకూ ప్రెసిడెంటు నాతో ఒక్క మాటా అనలేదు. మరునాడు పొద్దున పుస్తకం తీసుకొని ఆయన ఇంటికి పోవాలి. పోకుండా ఉండే దారి లేదు. పోయాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని కూర్చున్నాడు. అందరికీ కనపడేటట్టు, అరుగు మీద. నేను పుస్తకం తెరిచి చదవబోయాను. చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ తానే చదివాడు. ఎంతసేపు చదివాడో డైరీలో లేదు. గడియారం చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది. మొత్తం చదివి, పేజీ వెనక్కి తిప్పి, పాత సభ తీర్మానం కూడా చదివాడు. ఆ మూడు వాక్యాల దగ్గర వేలు ఆగింది. మళ్లీ కదిలింది.

కొత్త దాని కింద సంతకం చేసి పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"శానా బాగా చదువుతావప్పా నువ్వు" అన్నాడు.

నేను పుస్తకం మూశాను. ఆయన పక్కనున్న తట్టలోంచి రెండాకులు, ఒక వక్క తీసి నా ముందుకు చాపాడు.

"తీసుకో."

నా చేతులు పుస్తకాన్ని వదల్లేదు. "దేనికయ్యా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

అరుగు కింద కూర్చున్న కొడవళ్ల మనుషులిద్దరూ తలలెత్తారు. ప్రెసిడెంటు అద్దాల మీదుగా నన్ను చూశాడు.

"నేను ఇస్తే, దేనికని అడిగినోడు ఈ ఊర్లో ఇంతవరకూ లేడు."

ఆకులు పుస్తకం అట్ట మీద పెట్టి, నా బొటనవేలు పట్టి వాటి మీద అదిమాడు. "పోయిరా" అన్నాడు.

ఆ రోజు చేల గట్ల మీదుగా పోలేదు. పుస్తకం రెండు చేతులతో ముందుకు పట్టుకొని, ఆకులు గాలికి పడిపోకుండా వేలితో నొక్కి, మోరీ మీదుగానే పోయాను. వెనక ఎవరో వస్తున్నట్టు ఉంది. తిరిగి చూస్తే ఆకులు పడిపోతాయని చూడలేదు. గదిలో కిటికీ మీద వాటిని పెట్టాను. వేసుకోవడానికి భయం, పారేయడానికి భయం. మూడో రోజుకు వాడి నల్లబడ్డాయి. ఆ రోజే కడప నుంచి కార్డు వచ్చింది, ఆడపిల్ల పుట్టిందని. కాన్పు సాకు చెప్పి బస్సెక్కాను. మళ్లీ ఆ ఊరికి పోలేదు. కడపలోనే ఇంకో ఆఫీసులో పని వెతుక్కున్నాను. ఆ ఊరి పంచాయతీ నన్ను పర్మినెంటు చేస్తూ అప్పటికే తీర్మానం చేసిందని తర్వాత ఎవరో చెప్పారు. నిజమో కాదో కనుక్కోలేదు.

ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. "ప్రెసిడెంటు తాంబూలం ఇచ్చినాడు. ఆకులు రెండు, వక్క ఒకటి. దేనికో చెప్పలేదు." దాని కింద రెండు గీతల జాగా వదిలాను, తెలిసిన రోజు రాద్దామని. అది ఇంకా ఖాళీగానే ఉంది.